అన్నమును అక్షరమును



పుదుచ్చేరి పట్టణమున ముదలియార్‌పేట కార్మికుల పేట. 1898లో స్థాపితమైన ఆంగ్లో-ఫ్రెంచి బట్టల మిల్లు 2020లో మూతపడువరకు ఇచ్చటి అనేక కుటుంబములకు జీవనాధారమై యుండెను. తల్లిదండ్రులు తెల్లవారకమునుపే పనికి పోవు ఇండ్లలో బిడ్డ ఏమి తిని బడికి వచ్చినది? ఆరోగ్యమునకు సంబంధించిన మొదటి ప్రశ్న ఇదియే. కడుపు కాలుచున్న బిడ్డకు నల్లబల్లమీది అక్షరము మసకగనే కనబడును.

ఈ సత్యమును ముందుగా గ్రహించినవారిలో తెలుగువారైన పిట్టి త్యాగరాయ సెట్టిగారు అగ్రగణ్యులు. ఆయన అధ్యక్షతన చెన్నపురి కార్పొరేషను 1920లో థౌజండ్ లైట్స్ ప్రాంతపు పాఠశాలలో బిడ్డలకు ఉచితముగ ఫలహారము పెట్టుటకు తీర్మానించెను. వ్యయము విద్యార్థి యొక్కరికి దినమునకు ఒక అణాకు మించరాదు. ఫలితము కనబడుటచే మరి నాలుగు పాఠశాలలకు పథకము విస్తరించినది. కాని ప్రాథమిక విద్యానిధినుండి ఈ వ్యయము చేయరాదని నాటి ప్రభుత్వము అభ్యంతరము తెలుపగా, 1925లో అది నిలిచిపోయినది. ఒక దస్త్రముపై వ్రాసిన నాలుగు పంక్తులు బిడ్డలముందున్న విస్తరిని తీసివేసినవి. కార్యాలయములందు కలము పట్టువారు మరువరాని పాఠమిది.

పుదుచ్చేరిలో 1930లో ఫ్రెంచి పాలకులు మధ్యాహ్న భోజనమును ప్రవేశపెట్టిరి. దేశవ్యాప్తముగ బడులలో వండిన అన్నమే పెట్టవలెనని సుప్రీంకోర్టు ఆజ్ఞాపించినది 2001లో. మరుసటి సంవత్సరము పుదుచ్చేరి ప్రభుత్వము ఉదయమున బిడ్డలకు పాలు ఇచ్చు పథకమును ఆరంభించినది. మధ్యాహ్నమువరకు ఆకలి ఆగదు గదా!

అన్నముతో మాత్రమే పని తీరదు. కడుపులో నులిపురుగులున్నచో తిన్న తిండి వంటబట్టదు, రక్తహీనత కలుగును. అందుకే 2015 నుండి జాతీయ నులిపురుగుల నివారణ దినమున బడులలోనే ఆల్‌బెండజోల్ మాత్రలు మింగించుచున్నారు. 2013లో ఆరంభమైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమము క్రింద వైద్యబృందములు పాఠశాలలకు వచ్చి పరీక్షించును. అయినను వైద్యుడు వచ్చునది ఎప్పుడో ఒకనాడు. ఉపాధ్యాయుడు చూచునది ప్రతిదినము. పుస్తకమును ముక్కుకు ఆనించి చదువు పిల్లవానిని మందమతి యని దండించుటకు ముందు కంటివైద్యునికి చూపవలెను. మరుగుదొడ్డి శుభ్రముగ లేదని దినమంతయు నీరు త్రాగక కూర్చుండు బాలిక బాధను గుర్తింపవలెను.

మనస్సునకును ఆరోగ్యము కలదు. బదిలీలపై ఊరూరు తిరుగు ఉద్యోగుల బిడ్డలు స్నేహితులను వీడి, క్రొత్త భాషలో క్రొత్త బడికి పోవుదురు. మార్కులను అడుగు తండ్రి, నీకు స్నేహితుడు దొరికినాడా యని అడుగుట అరుదు. బిడ్డ మౌనము దీర్ఘమైనచో దానిని పొగరని యెంచరాదు. 2022లో కేంద్రప్రభుత్వము నెలకొల్పిన టెలిమానస్ వారిని 14416 సంఖ్యపై సంప్రదించుటకు సిగ్గుపడ నక్కరలేదు.

యానాము మొదలు ముదలియార్‌పేటవరకు బిడ్డల ఆకలికి భాషాభేదము లేదు. సంఘసభ్యులు తమ బిడ్డ చదువు పాఠశాలకు ఏడాదికి రెండుమారులైన పోయి, త్రాగునీటిని, వంటశాలను, మరుగుదొడ్డిని స్వయముగ చూచినచో అంతకు మించిన సాంస్కృతిక కార్యక్రమము వేరొకటి యుండదు. నాడు త్యాగరాయ సెట్టిగారు వెచ్చింపదలచినది ఒక అణా. నేడు కావలసినది ఒక గంట.