చెవి చెప్పిన చోటే కత్తెర
(స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)

 

ఈ స్వర్ణోత్సవానికి మన గురువుల జ్ఞాపకాలను వారి గొంతుల్లోనే భద్రపరచాలని సంఘం అనుకుంది. మిత్రులు మూడు ఊళ్లలో ఇంటింటికీ వెళ్లి, ఫోన్లలో రికార్డు చేసి తెచ్చారు. వాటిని శుభ్రం చేసి, వినడానికి అనువుగా తయారుచేసే పని నాకు అప్పగించారు. నాకు చూపు పోయి పన్నెండేళ్లయిందని మీలో చాలామందికి తెలుసు. రెటినైటిస్ పిగ్మెంటోసా అనే జబ్బు. మొదట రేచీకటి వచ్చింది, తర్వాత పక్కచూపు పోయింది, చివరికి ఎదుటి మనిషి ముఖం కూడా పోయింది. అందుకే ఈ రెండు నెలల్లో నన్ను అందరూ అడిగిన ప్రశ్న ఒక్కటే. "తెర కనబడకుండ ఎట్ల కట్ చేస్తున్నవ్ రా?" దానికి ఇవాళ జవాబు చెబుతాను.

స్క్రీన్ రీడర్ అంటే తెర మీద ఉన్నదాన్ని మాటల్లో చదివి చెప్పే సాఫ్ట్‌వేర్. నేను వాడేది ఎన్‌వీడీఏ. 2006లో ఆస్ట్రేలియాకు చెందిన మైకేల్ కరన్ దాన్ని మొదలుపెట్టాడు. తర్వాత జేమ్స్ టే తోడయ్యాడు. ఇద్దరూ చూపు లేనివాళ్లే. చిన్నప్పుడు ఒక సంగీత శిబిరంలో కలుసుకున్న స్నేహితులు. అప్పట్లో ఇలాంటి సాఫ్ట్‌వేర్లు సామాన్యుడు కొనగలిగే ధరలో లేవు. కంప్యూటర్ కొన్న డబ్బుకు తోడు, అది మాట్లాడటానికి మళ్లీ డబ్బు కట్టాల్సి వచ్చేది. వాళ్లు తయారుచేసింది ఉచితం. ఎవరైనా దించుకోవచ్చు. అందులోని ఈస్పీక్ గొంతుకు తెలుగు కూడా వచ్చు. మరబొమ్మ మాట్లాడినట్టు ఉంటుంది కానీ, నాలుగు రోజులు వింటే అలవాటవుతుంది.

ఎడిటింగ్‌కు వాడేది ఆడాసిటీ. అదీ ఉచితమే. చూపున్నవాళ్లు అందులో ధ్వని తరంగాన్ని గీతలా చూసి, మౌస్‌తో పట్టుకుని కోస్తారు. నేను మౌస్ ముట్టుకోను. స్పేస్ బార్ నొక్కితే రికార్డింగు వినిపించడం మొదలవుతుంది. తీసేయాల్సిన ముక్క మొదలైన చోట ఎడమ చదరపు బ్రాకెట్ మీట, ముగిసిన చోట కుడి బ్రాకెట్ మీట నొక్కుతాను. సి మీట నొక్కితే ఆ ముక్క లేకుండా ముందు వెనకలు కలిసి ఎలా వినిపిస్తాయో వినిపిస్తుంది. బాగుంటే డిలీట్, లేకపోతే బాణం మీటలతో హద్దు కాస్త జరుపుతాను. గుడ్డతానును కోసే ముందు దర్జీ సుద్దతో గీత గీసుకోడూ, అదే పని.

ఇంజనీరును కనుక ఒక్క సాంకేతిక విషయం చెప్పనివ్వండి. మామూలుగా మనం చేసే రికార్డింగులో ఒక్క సెకనుకు 44,100 కొలతలు ఉంటాయి. తరంగం సున్నాకు పైకీ కిందికీ ఊగుతూ ఉంటుంది. పైనున్నప్పుడు కోసి, కిందున్న ముక్కకు అతికిస్తే అతుకు దగ్గర 'టిక్కు'మంటుంది. జెడ్ మీట నొక్కితే హద్దులు దగ్గరలోని సున్నా దగ్గరికి జరుగుతాయి. టిక్కు పోతుంది. ఇక శబ్దం ఎంత బిగ్గరగా ఉందో చూపే రంగుల పట్టీ నాకు కనబడదు. ఆంప్లిఫై అనే పెట్టె తెరిస్తే, శబ్దం పగలకుండా ఇంకా ఎన్ని డెసిబెల్స్ పెంచవచ్చో అంకెలో ఉంటుంది. స్క్రీన్ రీడర్ ఆ అంకె చదువుతుంది. పని జరిగిపోతుంది.

కష్టాలు లేవని కాదు. రికార్డింగులో సారు మాట్లాడుతుంటే, ఇటు స్క్రీన్ రీడర్ కూడా మాట్లాడుతుంది. రెండు గొంతులు ఒకే చెవిలో పడతాయి. దేన్ని ఎప్పుడు వినాలో, కంట్రోల్ మీట నొక్కి దాని నోరు ఎప్పుడు మూయించాలో సాధనతోనే వస్తుంది. కొన్ని సాఫ్ట్‌వేర్లలో బటన్లకు పేర్లు పెట్టరు. అక్కడికి వెళితే స్క్రీన్ రీడర్ "బటన్, బటన్" అంటుందే తప్ప ఏ బటనో చెప్పదు. సంగీతం వాళ్లు వాడే రీపర్ అనే సాఫ్ట్‌వేర్‌ను చూపులేనివాళ్లు తేలికగా వాడుకునేలా ఓసారా అనే జోడింపు ఉంది. దాన్ని మొదలుపెట్టినవాడూ ఆ జేమ్స్ టేనే. అవసరం ఉన్నవాడే పనిముట్టు చేసుకున్నాడు.

మన రికార్డింగుల సంగతికి వస్తాను. కోదాడ ఇల్లు హైవే పక్కనే, ప్రతి వాక్యం వెనకా ఒక లారీ. మిర్యాలగూడలో రైస్ మిల్లు మోత ఆగకుండా ఒకే తీరున వస్తుంది. సూర్యాపేటలో టీచరమ్మ మాట్లాడుతుండగా కుక్కర్ నాలుగు విజిల్స్ వేసింది. వీటిలో సులువైనది మిల్లు మోతే. ఒకే తీరుగా ఉండే మోత నమూనాను సాఫ్ట్‌వేర్‌కు వినిపిస్తే, మిగతా అంతటా దాన్ని తగ్గిస్తుంది. మరీ ఎక్కువ తగ్గిస్తే మనిషి నీళ్లలోంచి మాట్లాడినట్టు అవుతుంది. కాబట్టి కొంచెం మోత ఉంచాను. కుక్కర్ విజిల్స్‌లో మూడు తీసేశాను. నాలుగోది ఆమె నవ్వుతో కలిసిపోయింది, ఉంచేశాను.

ఎక్కడ కోయకూడదో తెలుసుకోవడమే అసలు పని. ఒక సారు రికార్డింగులో పదకొండు సెకన్ల నిశ్శబ్దం ఉంది. ఫీజు కట్టలేక బడి మానేసిన ఒక పిల్లవాడి గురించి చెబుతూ, పేరు గుర్తు రాక ఆగిపోయారు. తెర మీద చూస్తే అది ఒక సన్నని గీత మాత్రమే, ఖాళీ. మా మిత్రుడు "తీసెయ్, బోర్ కొడతది" అన్నాడు. హెడ్‌ఫోన్‌లో వింటే ఖాళీ కాదు. గోడ గడియారం ఉంది, కుర్చీ కిర్రుమనడం ఉంది, సారు ఊపిరి ఉంది. ఆ తర్వాత పేరు వచ్చింది, ఇంటిపేరుతో సహా. ముప్పై ఐదేళ్ల తర్వాత! ఆ పదకొండు సెకన్లు తీసేస్తే పేరు ఊరికే గుర్తొచ్చినట్టు ఉంటుంది. అట్లనే ఉంచాను. సారు వాళ్ల "గట్ల", "గిట్ల", "పొల్లగాండ్లు" కూడా అట్లనే ఉన్నాయి. మన ప్రాంతపు మాటను సరిదిద్దే హక్కు కత్తెరకు లేదు.

ఇదంతా నా ఒక్కడి గొప్ప కోసం చెప్పడం లేదు. శ్రీకాంత్ బొల్లా పేరు మీరు వినే ఉంటారు. చూపు లేదని ఇంటర్‌లో సైన్సు గ్రూపు ఇవ్వకపోతే కోర్టుకు వెళ్లి సాధించుకున్నాడు. పాఠ్యపుస్తకాలను ఆడియోగా మార్చి ఇస్తే విని చదివి, 98 శాతం మార్కులు తెచ్చుకున్నాడు. అమెరికాలోని ఎంఐటీకి వెళ్లాడు. ఆ ప్రయాణంలో ఎవరో కూర్చుని పుస్తకం చదివి రికార్డు చేసిన గంటలు ఉన్నాయి. చట్టం కూడా మన వైపే ఉంది. 2012లో సవరించిన కాపీరైట్ చట్టం ప్రకారం, వైకల్యం ఉన్నవారి కోసం పుస్తకాన్ని వారు చదువుకోగల రూపంలోకి ఎవరైనా మార్చి ఇవ్వవచ్చు. చూపులేనివారికి పుస్తకాలు అందించే మరకేష్ ఒప్పందాన్ని 2014లో అన్ని దేశాలకన్నా ముందు ఆమోదించింది మన దేశమే. 2016లో సుగమ్య పుస్తకాలయ అనే ఆన్‌లైన్ గ్రంథాలయం కూడా వచ్చింది. చట్టం ఉంది, పనిముట్లు ఉచితంగా ఉన్నాయి. మంచి తెలుగులో, తప్పులు లేకుండా, బొమ్మను కూడా మాటల్లో వివరిస్తూ పాఠం చదివే గొంతులు కావాలి. ఆ గొంతులు ఈ హాల్లో ఎన్ని ఉన్నాయో లెక్కపెట్టండి.

కనుక మూడు మనవులు. ఒకటి, మన బడి కంప్యూటర్లన్నిటిలో ఎన్‌వీడీఏ వేయించండి. పైసా ఖర్చు లేదు. చూపు తక్కువ ఉన్న పిల్ల బడిలో చేరిన రోజున వెతుక్కునే పని ఉండకూడదు. రెండు, ఈ సావనీరును అచ్చుతో పాటు యూనికోడ్‌లో కూడా ఇవ్వండి. పాత డీటీపీ ఫాంట్లలో కంటికి తెలుగే కనబడుతుంది కానీ, లోపల ఉండేవి వేరే గుర్తులు. స్క్రీన్ రీడర్‌కు అది అర్థంలేని అక్షరాల వరుస. నా ప్రసంగం అచ్చయిన పుస్తకాన్ని నేనే చదవలేని పరిస్థితి రానివ్వకండి. మూడు, రిటైరైన గురువులు, ఇంట్లో తీరిక ఉన్న మిత్రులు వారానికి ఒక్క పాఠం చదివి పంపండి. ఫ్యాన్ ఆపండి. తలుపు వేయండి. ఫోన్‌ను నోటికి జానెడు దూరంలో, కాస్త పక్కకు పెట్టండి. పుస్తకం పేరు, తరగతి, పేజీ నంబరు ముందు చెప్పండి. తప్పు చదివితే రికార్డింగు ఆపకండి. ఒకసారి చప్పట్లు కొట్టి, ఆ వాక్యం మొదటి నుంచి మళ్లీ చదవండి. చప్పట్లు వినబడిన చోట కత్తెర వేయడం నాకు తేలిక.

నా నంబరు సంఘం కార్యదర్శి దగ్గర ఉంది. మొదటి పాఠం ఈ నెలాఖరులోగా వస్తుందని ఎదురుచూస్తాను.