కౌన్సెలింగ్ గది గుమ్మం దగ్గర
(అధ్యక్షోపన్యాసం)

కొత్త చికిత్సా పద్ధతుల గురించి ఈ సభలో రెండు రోజులూ వింటాం. అంతకుముందు, మనస్తత్వవేత్తలు, కౌన్సెలర్లమైన మన దగ్గరికి చికిత్సకు వచ్చి మధ్యలో మానేసేవాళ్ల గురించి నాలుగు మాటలు చెప్తాను.

ఆ మానేయడం వెనక వర్గ భేదం ఉంది, అది కొత్తదేం కాదు. అమెరికాలోని న్యూ హేవెన్ నగరంలో మానసిక చికిత్స పొందుతున్నవారిని హాలింగ్‌షెడ్, రెడ్లిచ్ అనే ఇద్దరు పరిశోధకులు సామాజిక స్థాయిని బట్టి ఐదు వర్గాలుగా విడదీసి చూశారు. 1958లో వేసిన పుస్తకంలో వారు చెప్పింది ఇదీ. పై వర్గాలవారికి ఎక్కువగా మాటలతో చేసే చికిత్స. కింది వర్గాలవారికి ఎక్కువగా మందులు, కరెంటు షాకులు, ఆస్పత్రి వాసం. రోగం ఒకటే అయినా వైద్యం వేరైంది. మన దేశంలో చాలామందికి ఏ వైద్యమూ అందడం లేదు. 2015-16 జాతీయ మానసిక ఆరోగ్య సర్వే ప్రకారం, రుగ్మతను బట్టి 70 నుంచి 92 శాతం మంది చికిత్సకు దూరంగానే ఉన్నారు.

వచ్చినవాళ్ల సంగతి చూద్దాం. నాలుగిళ్లలో పనిచేసే ఒకావిడ గుండె దడ, తల బరువు, నిద్ర పట్టడం లేదంటూ వస్తుంది. రోజూ అరగంట ఒంటరిగా కూర్చోమని, మనసులో మాట డైరీలో రాయమని మనం చెప్తాం. ఆమె ఇల్లంతా ఒకే గది, అందులో ఐదుగురు. వారం వారం గ్రూపు లోను కిస్తీ కట్టాలి. బస్సు టికెట్ ఉచితమే కావచ్చు, ఆ పూట కూలి మాత్రం ఎవరూ ఇవ్వరు. మూడో వారం ఆమె రాదు. ‘చికిత్సకు సహకరించలేదు’ అని మనం ఫైల్లో రాసుకుంటాం. సహకరించనివి మన వేళలు, మన సలహాలు.

ఇంకో పొరపాటూ జరుగుతోంది. ‘ఇన్ని కష్టాలుంటే దిగులుండదా’ అని వైద్యం అవసరమైన డిప్రెషన్‌ను వదిలేస్తాం. లేదంటే అప్పు తెచ్చిన దిగులుకు మాత్ర రాసి, అప్పు మాటే ఎత్తం. రెండూ అన్యాయమే. మన దేశంలో వర్గానికి కులం కూడా తోడవుతుంది కాబట్టి, కౌన్సెలర్ ముందు నోరు విప్పడానికే కొందరు జంకుతారు.

దారి లేకపోలేదు. గోవాలో విక్రమ్ పటేల్ బృందం స్థానికులకు శిక్షణనిచ్చి కౌన్సెలర్లుగా పనిచేయించింది. ప్రభుత్వ ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల్లో అది మంచి ఫలితమిచ్చిందని 2010లో లాన్సెట్ వైద్య పత్రికలో వెల్లడించింది. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం ప్రకారం పేదలకు ప్రభుత్వ సేవలు ఉచితం. 14416కు ఫోన్ చేస్తే ప్రభుత్వ ఫోన్ సేవ టెలీ మానస్‌లో తెలుగులోనే మాట్లాడవచ్చు. ఇవి ఉన్నాయని మన దగ్గరికి వచ్చినవారికైనా మనం చెప్పాలి.

కాబట్టి మూడు పనులు కోరుతున్నాను. వారంలో ఒక సాయంత్రమో, ఆదివారమో కూలి పోని వేళ కేటాయించండి. మొదటి రోజే పని, అప్పు, ఇంటి పరిస్థితి అడిగి, చేయగలిగిన సలహానే ఇవ్వండి. విద్యార్థుల శిక్షణలో కొంత కాలం బస్తీ దవాఖానాల్లో, పల్లె ఆరోగ్య కేంద్రాల్లో గడిచేలా చూడండి. చివరిగా, వచ్చే ఏడాది సభకు వచ్చేటప్పుడు, మధ్యలో మానేసినవారు ఎందరో, ఎందుకు మానేశారో లెక్క రాసుకుని రండి. ఆ లెక్కతోనే చర్చ మొదలుపెడదాం.