ఏ అరటిపండు?
తాగేవాటి రుచికి మాటలు పుట్టిన కథ – స్మారకోపన్యాసం



జీవితంలో చుక్క మందు ముట్టని మా కాలేజీ మాస్టారి పేరు మీద వైన్ గురించి మాట్లాడబోతున్నాను. ముందు వరసలో కూర్చున్న మాస్టారింటి అమ్మగారిని ముందే అడిగాను. "ఆయన తాగలేదు గానీ వాసన చూడనిదంటూ ఏదీ లేదు, కానివ్వు నాయనా" అన్నారు. ఆ ధైర్యంతో నిలబడ్డాను. మన ఊళ్ళలో వైన్‌షాపు అని బోర్డు పెట్టిన చోట వైన్ తప్ప అన్నీ దొరుకుతాయి కాబట్టి, ఈ సబ్జెక్టు మీలో చాలామందికి కొత్తదే అయివుంటుంది.

బీఎస్సీ రెండో ఏడాది, ఆర్గానిక్ ల్యాబ్. మాస్టారు ఒక చిన్న సీసా తెచ్చారు. లేబుల్ చింపేసి ఉంది. దూది మీద ఒక చుక్క వేసి బెంచీల వెంట తిప్పారు. "సీసాలో ముక్కు పెట్టకండి, చేత్తో గాలి ఇటు విసురుకోండి. ఏం వాసనో కాగితం మీద ఒక్క మాట రాసివ్వండి, పక్కవాడిది చూడొద్దు." చీటీలు మడిచి ఇచ్చాం. ఆయన ఒక్కొక్కటే విప్పి చదివారు. అరటిపండు. గోళ్ళరంగు. పిప్పరమెంటు. అరటిపండు. కొత్త బీరువా. ఒకడు 'మా బాబాయి స్కూటరు' అని రాశాడు. మేం పడీపడీ నవ్వాం, ఆయన నవ్వలేదు. "అరటిపండు అన్నవాళ్ళు లేవండి" అన్నారు. నాతో కలిపి అరడజను మంది లేచాం. "ఏ అరటిపండు?"

ఒక్కరం నోరు విప్పితే ఒట్టు.

మర్నాడు చక్కెరకేళి, అమృతపాణి, కర్పూరం – మూడు రకాలూ పట్టుకొచ్చి దూది పక్కన పెట్టి, ఒకటి తరవాత ఒకటి వాసన చూడమన్నారు. మూడింటిలో ఏదీ సరిగ్గా సరిపోలేదు. బాగా మగ్గి తొక్క నల్లబడిన పండు దగ్గరగా వచ్చింది. సీసాలో ఉన్నది ఐసోఅమైల్ ఎసిటేట్. పులిసే ద్రాక్షరసంలోనూ, బీరులోనూ ఈస్టు తయారుచేసేది అదే. చిన్న జిల్లా కాలేజీలో మాస్టారు చేసిన ఈ పనిని కాలిఫోర్నియాలో ఒకావిడ ఏళ్ళ తరబడి చేసి, 1984లో అచ్చువేశారు. అంతవరకూ రెండువేల ఏళ్ళు మనుషులు ఏం చేశారన్నదే నా ఉపన్యాసం.

1వ శతాబ్దంలో రోమన్ పండితుడు ప్లినీ తన ప్రకృతి విజ్ఞాన సర్వస్వం 14వ భాగమంతా ద్రాక్ష గురించీ వైన్ గురించీ రాశాడు. ఆ రోజుల్లో గొప్ప వైన్ అంటే ఫలెర్నియన్. దాన్ని ఆయన మూడు రకాలుగా విడదీశాడు: గరుకు, తీపి, పలచన. నిప్పు అంటుకునే వైన్ అదొక్కటేనన్నాడు. ఏ కొండ వాలులో పండుతుంది, ఎన్నేళ్ళు నిలవ ఉంటుంది అన్నీ చెప్పాడు. వాసన ఎలా ఉంటుందో మాత్రం మనకు తెలియనివ్వలేదు.

అక్కణ్ణించి 1663కు దూకుదాం, మధ్యలో పెద్దగా పోయేదేమీ లేదు. ఆ ఏప్రిల్ 10న లండన్ లొంబార్డ్ స్ట్రీట్‌లో రాయల్ ఓక్ అనే తాగుడుశాలలో శామ్యూల్ పెపిస్ ఒక ఫ్రెంచి వైన్ తాగి, ఇంటికొచ్చి డైరీ రాసుకున్నాడు. బోర్డోలోని ఓ-బ్రియోన్ తోట వైన్ అది. పేరు కూడా సరిగ్గా పట్టుకోలేక 'హో బ్రయన్' అని రాశాడు. రుచి గురించి రాసిందల్లా బాగుంది, ప్రత్యేకంగా ఉంది, ఇలాంటిది మునుపెన్నడూ ఎరగను అన్న మూడు ముక్కలే. ఇంట్లో జరిగిన ప్రతి చిన్న తగాదానీ పూసగుచ్చినట్టు రాసే మనిషికి నాలుక మీద పడ్డదాన్ని చెప్పడానికి మాట దొరకలేదు. ఆయన్ని తప్పుపట్టను. అవసరం రాలేదు, అంతే.

అవసరం ఎందుకు రాలేదంటే, వైన్ వ్యాపారంలో కొనేవాడూ అమ్మేవాడూ ఒకే పీపా ముందు నిలబడి ఒకే గ్లాసు చప్పరించేవాళ్ళు. గ్లాసు మధ్యలో ఉన్నప్పుడు వర్ణన ఎందుకు? ధర చెబితే చాలు. 1855లో పారిస్ ప్రదర్శన కోసం బోర్డో వైన్‌లకు తరగతులు కట్టమని అక్కడి వాణిజ్య మండలి దళారులను అడిగింది. వాళ్ళు కొత్తగా రుచి పరీక్షలేవీ పెట్టుకోలేదు, ఏళ్ళ తరబడి ఏ తోట సరుకు ఎంతకు పలికిందో చూసి జాబితా రాసిచ్చేశారు. మొదటి తరగతిలో నాలుగు తోటలు పడ్డాయి, అందులో పెపిస్ తాగిన ఓ-బ్రియోన్ ఒకటి. ఐదోదిగా మూతోన్ చేరడానికి 1973 దాకా పట్టింది. ప్రపంచంలో అందరూ ఒప్పుకునే రుచి పట్టిక నిజానికి ధరల పట్టిక అన్నమాట!

గ్లాసు దూరమైనప్పుడే మాట పుట్టింది. సీసా ఒక ఊళ్ళో, చదివేవాడు ఇంకో ఊళ్ళో ఉంటే ఏదో ఒకటి చెప్పాలి కదా. మొదట్లో ఆ పని సాహిత్యం వాళ్ళ చేతిలో పడింది. జార్జ్ సెయింట్స్‌బరీ ఇంగ్లీషు సాహిత్యం బోధించిన ప్రొఫెసర్. తన సీసాల జ్ఞాపకాలతో 1920లో పుస్తకం వేశాడు. ఆయన చేతిలో వైన్ మగసిరి ఉన్న మనిషి అయింది. తరవాతివాళ్ళ చేతిలో కులీనురాలు, మొండి, బిడియస్తురాలు... ఇలా సాగింది. 1937 నాటికే న్యూయార్కర్ పత్రికలో జేమ్స్ థర్బర్ దీన్ని ఎగతాళి చేస్తూ కార్టూను గీశాడు. నాకైతే ఆ వర్ణనలు చదవడం ఇష్టమే, ప్రబంధ నాయికల్ని చదివినంత ఇష్టం. కానీ వాటితో దుకాణానికి వెళ్ళి సీసా గుర్తుపట్టలేం.

ఈలోగా అమెరికాలో 1920 నుంచి 1933 దాకా మద్యనిషేధం. అది ఎత్తేశాక చూసుకుంటే వైన్ చేసే విద్యే మరుగునపడిపోయింది. దాన్ని మళ్ళీ నేర్పే బాధ్యత డేవిస్‌లోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం మీద పడింది. 1935లో అక్కడ చేరిన మేనార్డ్ అమెరిన్‌కి కవిత్వమంటే పడదు, కనీసం వైన్ విషయంలో. 1959లో డేవిస్ వాళ్ళు 20 మార్కుల కాగితం తయారుచేశారు. రంగుకిన్ని, వాసనకిన్ని, పులుపుకిన్ని. లోపం పట్టుకోవడానికి అది పనికొచ్చింది. లోపం లేని రెండు వైన్‌ల మధ్య తేడా చెప్పమంటే ఆ కాగితానికి నోరు పెగల్లేదు.

ఆన్ నోబుల్ 1974లో డేవిస్‌కి వచ్చారు. ఆ వైన్ విభాగంలో అధ్యాపకురాలైన మొదటి మహిళ ఆవిడే. 1984లో ఆవిడా సహచరులూ అచ్చువేసింది ఒక చక్రం. మధ్యలో పండు, పువ్వు, మసాలా, మట్టి లాంటి పెద్ద మాటలు, అంచుకు పోయేకొద్దీ విడివిడి పేర్లు. అంతకు కొన్నేళ్ళ ముందే బీరుకూ స్కాచ్‌ విస్కీకీ చక్రాలు వచ్చాయి కాబట్టి బొమ్మ కొత్తదేమీ కాదు. నన్ను కట్టిపడేసింది దానికి జతగా ఇచ్చిన వంటల జాబితా. ఏ వాసనా లేని చవక తెల్ల వైన్ గ్లాసుల్లో పొయ్యండి. ఒకదాంట్లో పచ్చి బెంగుళూరు మిరప ముక్క వెయ్యండి. ఇంకోదాంట్లో ఒక లవంగం. మరోదాంట్లో వెనిల్లా ఎసెన్సు చుక్క, ఇంకోదాంట్లో డబ్బా ఆస్పరాగస్ నానిన నీళ్ళు కొద్దిగా. మూత పెట్టి ఉంచి వాసన చూడండి. ఇకమీదట 'లవంగం' అని ఎవరన్నా ఈ గ్లాసే అర్థం. మంచిది, చెడ్డది, సొగసైనది అన్న మాటలకు ఆ చక్రంలో చోటు లేదు. మాస్టారి బల్ల మీద మూడు అరటిపళ్ళు గుర్తొచ్చాయా?

బెంగుళూరు మిరప అన్నాను. అది పోలిక కాదు, నిజంగానే ఒకే పదార్థం. మిరపలో ఉన్న మెథాక్సీపైరజీన్ కాబెర్నే సొవీన్యోఁ ద్రాక్షలోనూ ఉంటుంది. నీటిలో లీటరుకు 2 నానోగ్రాములున్నా మన ముక్కు పసిగడుతుంది. ద్రాక్ష పండేకొద్దీ తగ్గుతుంది. అందుకే వైన్‌లో ఆ మిరప వాసన గట్టిగా కొడితే, తోటవాడు తొందరపడి కోశాడేమోనని అనుమానించొచ్చు.

ఇక్కడ మన వగరు గురించి చెప్పకపోతే మాస్టారు ఊరుకోరు. ఎర్ర వైన్‌కి ప్రాణం టానిన్. ద్రాక్ష తొక్కలోంచీ గింజలోంచీ వస్తుంది. లాలాజలంలోని ప్రొటీన్లతో అతుక్కుని నోట్లో జారుడు పోగొడుతుంది, నాలుక గీరుకున్నట్టవుతుంది. ఇంగ్లీషు మాట్లాడేవాళ్ళలో చాలామంది దీన్ని చేదుతో కలిపేస్తారు. అందుకే రుచి తరగతుల్లో పటిక నీళ్ళు తాగించి మరీ తేడా నేర్పుతారు. మనకు అక్కర్లేదు. జామపిందె కొరికిన ప్రతి పిల్లకూ వగరు తెలుసు. కరక్కాయ బుగ్గన పెట్టుకున్న ముసలమ్మకు ఇంకా బాగా తెలుసు. ఉగాది పచ్చడిలో దానికి ఆరో వంతు వాటా ఇచ్చాం. శరీరశాస్త్రం వాళ్ళు మాత్రం వగరు రుచి కాదు, స్పర్శ అంటారు. కారం అసలే కాదు, అది మంట అంటారు. వాళ్ళ లెక్కలో మన షడ్రుచుల్లో రెండు ఎగిరిపోతాయి. నేనేమీ బాధపడను. 2000లో ఆస్ట్రేలియా పరిశోధకులు వైన్ నోటికి తగిలే తీరుకు ప్రత్యేకంగా చక్రం గీస్తే, అందులో సగానికి పైగా వగరు రకాలే. పట్టులాంటిది, మఖమల్‌లాంటిది, సుద్దపొడిలాంటిది, ఉప్పుకాగితంలాంటిది. ఒక్క మాటలో మనం సరిపెట్టుకున్నదాన్ని వాళ్ళు వేళ్ళతో తడిమి చూసుకున్నారు.

ఇంత చేసినా ముక్కును నమ్మొచ్చా? 2001లో బోర్డో విశ్వవిద్యాలయం వాళ్ళు ఒక తుంటరి పని చేశారు. వైన్ విద్య చదివే 54 మందికి ముందు ఒక తెల్ల వైన్, ఒక ఎర్ర వైన్ ఇచ్చి వర్ణించమన్నారు. తరవాత ఇంకో రోజు అదే తెల్ల వైన్, దాని పక్కనే వాసన లేని ఎర్ర రంగు కలిపిన అదే తెల్ల వైన్ ఇచ్చారు. రంగు కలిపినదానికి విద్యార్థులు ఎర్ర వైన్ మాటలే రాశారు. పత్రికలు దీన్ని పట్టుకుని వైన్ పండితులంతా బోగస్ అని రాశాయి. నాకలా అనిపించదు. ఆ పత్రంలో ఇంకో సంగతుంది. తెల్ల వైన్ వర్ణనల్లో తేనె, నిమ్మలాంటి లేతరంగు వస్తువులు, ఎర్ర వైన్‌కి ముదురు రంగు పళ్ళు వస్తాయట. మనకు వాసన పేరు తెలియనప్పుడు కన్ను అందిస్తుంది. ఆలివ్ నూనె పరీక్షలో రంగు కనబడకుండా నీలం గ్లాసులు వాడేది ఇందుకే. అంతకన్నా నన్ను కలవరపెట్టింది 2008లో రాబర్ట్ హాడ్జ్‌సన్ వేసిన పత్రం. కాలిఫోర్నియా స్టేట్ ఫెయిర్‌లో ఒకే సీసాలోంచి మూడు గ్లాసులు పోసి, చెప్పకుండా న్యాయనిర్ణేతల ముందు పెట్టారు. మూడింటికీ దగ్గర మార్కులే వేసినవాళ్ళు పదిమందిలో ఒక్కరు. మార్కులు జారిపోతాయి. రాబర్ట్ పార్కర్ అనే లాయరు 1978లో పత్రిక పెట్టి 100కి ఇన్ని అని వేసిన మార్కులు బోర్డోలో ధరల్ని శాసించాయంటే, 1855 ఇంకా అయిపోలేదన్నమాట.

వాసనకు మాటలుండవని ఇంగ్లీషులో రాసినవాళ్ళు తరచూ అంటారు. అది మనుషులందరి లోపం కాదు. మలేషియా, థాయ్‌లాండ్ సరిహద్దు అడవుల్లో ఉండే జహాయ్ జనం వాసనల్ని రంగులంత సులువుగా పేరు పెట్టి చెబుతారని పరిశోధకులు ఆసిఫా మజీద్, నిక్లాస్ బురెన్‌హల్ట్ 2014లో చూపించారు. నెత్తురు, పచ్చి చేప, పచ్చి మాంసం – మూడింటి వాసనకూ వాళ్ళకు ఒకే మాట ఉంది. చదవగానే మా అమ్మ గుర్తొచ్చింది. 'గిన్నె నీచుగా ఉంది, మళ్ళీ తోము' అనేది. నీచు, ముక్కిన వాసన, మాడు, పచ్చివాసన – ఏ వస్తువునూ అరువు తెచ్చుకోని మాటలు. ఒకసారి బెంగుళూరు హోటల్లో పదిమందిమి వైన్ రుచి చూస్తున్నాం. ఒక సీసా తేడాగా ఉంది. నేను ముక్కిన బియ్యం అన్నాను. పక్కన కూర్చున్న విదేశీ పెద్దాయన తడిసిన అట్టపెట్టె అన్నాడు. ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం. ఇద్దరం చెప్పింది బిరడా చెడితే వచ్చే ఒకే వాసన. ఆ రాత్రి మా ఇద్దరికీ స్నేహం కుదిరింది.

ఇక మన సొంత తాగుడు సంగతి. తెలంగాణ ఊళ్ళలో కల్లు అంటే ఒకటి కాదు. తాటిచెట్లలోనే పోతుతాడుది వేరు, పరుపుతాడుది వేరు, పండుతాడుది వేరు, ఈతది మరీ వేరు. పొద్దున దించినది తియ్యగా ఉంటే, మధ్యాహ్నానికి పులుపెక్కి, సాయంత్రానికి ఘాటవుతుంది. తాటాకు రేకలో పోసినది నోట పెట్టగానే ఏ చెట్టు, ఏ పూట లొట్టిలోది అని చెప్పే పెద్దలున్నారు. దానికెవరూ చక్రం గీయలేదు. బోర్డో దళారుల మాదిరే – తాగేవాడు చెట్టు కిందే ఉన్నాడు, మాట దూరం పోవాల్సిన పని పడలేదు.

దూరం పోవాల్సి వచ్చింది అరకు కాఫీకి. 2017లో పారిస్‌లో ఆ పేరుతో దుకాణం తెరిచారు, 2019లో అరకు అరబికాకు భౌగోళిక గుర్తింపు వచ్చింది. కాఫీకి 1995లో అమెరికా వాళ్ళు గీసిన చక్రాన్ని 2016లో మళ్ళీ రాసినప్పుడు, ప్రతి మాటకూ నమూనా ఇచ్చిన పదకోశాన్ని ఆధారం చేసుకున్నారు. నోబుల్ గారి దారే. కాఫీ రుచి చూసే పద్ధతిని కప్పింగ్ అంటారు: 150 మిల్లీలీటర్ల నీటికి 8 గ్రాముల పైచిలుకు పొడి, మరగబోయే నీళ్ళు, 4 నిమిషాలు. పైన తేలిన పెచ్చును చెంచాతో విరిచి, ముక్కు దాదాపు ముంచి వాసన చూసి, చల్లారాక చెంచా నోటికి ఆనించి సర్రున పీల్చాలి. మనిళ్ళలో అలా చప్పుడు చేస్తే వీపు మీద పడుతుంది. నేను చూసినరోజు బల్ల చుట్టూ ఉన్నవాళ్ళలో ఒక మన్యం రైతు ఉన్నాడు. జాబితాలోని ఇంగ్లీషు మాటలన్నీ ఓపిగ్గా విన్నాడు. ఒక కప్పు దగ్గర ఆగి మళ్ళీ పీల్చి, "పనసతొన" అన్నాడు. పరీక్షకుడు కలం పట్టుకుని ఆగిపోయాడు. ఆయన కాగితంలో పనస లేదు. "పండిందా, దోరదా?" అని నేనడిగాను. రైతు నవ్వి, "నిన్న కోసి ఇవాళ విప్పింది" అన్నాడు.

హాలు బయట బల్ల మీద ఆరు చిన్న సీసాలు పెట్టించాను, లేబుళ్ళు చింపేసి. పక్కనే చీటీలున్నాయి. కాఫీ తాగే ముందే వాసన చూడండి, తాగాక లాభం లేదు. పక్కవాళ్ళది చూడకుండా ఒక్కొక్క మాట రాయండి. అరటిపండు అని రాసేవాళ్ళు ఏ అరటిపండో కూడా రాయండి. చీటీలు అమ్మగారు చదువుతారు.