స్ప్రింగు లెక్క

పాత పేపర్లు కొనే అతని స్ప్రింగు కాటాను ఎప్పుడైనా పరీక్షగా చూశారా? కొక్కేనికి రెండు కిలోల కట్ట తగిలిస్తే ముల్లు ఎంత దిగుతుందో, నాలుగు కిలోలకు దానికి రెండింతలు దిగుతుంది. అందుకే గీతలన్నీ సమాన దూరంలో ఉంటాయి. ఈ సూత్రాన్ని శాస్త్రవేత్త రాబర్ట్ హుక్ 1676లో అక్షరాలు తారుమారు చేసి పొడుపుకథలా అచ్చువేశాడు. విప్పి చెప్పింది 1678లో. ఎవరైనా కొట్టేస్తారని భయం కాబోలు! బండి షాక్ అబ్జార్బర్‌లో నొక్కుకునే స్ప్రింగుకూ ఇదే లెక్క, చుట్టలు ఒకదానికొకటి ఆనుకునేదాకా. తమాషా ఏమిటంటే, స్ప్రింగు సాగినప్పుడు అందులోని తీగ పెద్దగా సాగదు, మెలితిరుగుతుంది. హద్దు మించి లాగితే మాత్రం మళ్లీ మామూలు పొడవుకు రాదు. అలాంటి కాటాలో ఖాళీ కొక్కేనికే ముల్లు సున్నా దాటి ఉంటుంది. బేరానికి ముందు అటో చూపు వేయండి.