పాట బతకాలంటే పాటగాడు బతకాలె

(కళాకారుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



మమ్ముల మాట్లాడుమంటే ముందుగాల జంకినం. మీరు పాడెటోళ్లు, మేము రాసెటోళ్లం. మీ ముందర నిలబడి పాట సంగతి చెప్పే పాటి మాకు లేదు. అందుకే పాట గురించి చెప్పం. పాట పాడే మనిషి గురించి, అతని వారం రోజుల గురించి చెప్తం.

ఈ ముచ్చట ఇప్పుడెందుకంటే, కొన్నేండ్ల సంది మా పని సంతాపాలు రాసుడే అయ్యింది. 2016లో గూడ అంజన్న పోయిండు. 2023 జూన్ 29న సాయిచంద్ గుండెపోటుతో పోయిండు. నలభై ఏండ్లు కూడ నిండలే. అదే ఏడు ఆగస్టు 6న గద్దరన్న, గుండె ఆపరేషన్ అయిన కొద్ది రోజులకే పోయిండు. 2025 నవంబరు 10న అందెశ్రీ పోయిండు. వీళ్ల చావులకు పాటే కారణమని మేము అనం. ఎవరి దేహం సంగతి వారిది, అది డాక్టర్లు చెప్పాలె. కని ప్రతిసారి సంతాపం రాసేటప్పుడు ఒక సంగతి మమ్ముల పట్టి గుంజింది. గద్దరన్న మీద 1997 ఏప్రిల్ 6న కాల్పులు జరిగితే, ఒక తూటాను ఆయన చివరిదాక వెన్నులనే మోసిండు. ఆ తూటా సంగతి మనకందరికి యాదికున్నది. మరి మిగిలిన పాటగాళ్ల బీపీ ఎంత, షుగర్ ఎంత, రాత్రి ఎన్నిగంటలకు తింటున్నరు, ఎన్ని గంటలు పంటున్నరు? ఇవి మనం ఎన్నడన్న అడిగినమా? మేమైతే అడగలే.

అందుకే పోయిన చలికాలం మేము ఇద్దరం విలేకరులం ఒక బృందంతోని వారం రోజులు తిరిగినం. ఎనిమిది మంది. ముఖ్య గాయకుడు పాట కూడ తనే రాసుకుంటడు. ఇద్దరు అక్కలు, ముగ్గురు కోరస్, ఒక డప్పు, ఒక డోలక్. పేర్లు చెప్పం. చెప్తే రేపు వాళ్లకు కార్యక్రమాలు ఇయ్యరు.

సోమవారం ఆయనకు రాసుకునే రోజు. వారానికి ఒక్కటే రోజు. ఆదివారం రాత్రి కార్యక్రమం చేసి ఇల్లు చేరేటాలకు తెల్లారుజాము నాలుగు. ఏడు గంటలకు పిల్లలను బడికి తయారు చెయ్యాలె. తొమ్మిదింటికి ఫోను మొదలైతది. ఒకాయన తండ్రి సంవత్సరీకానికి పాట కావాలె, రేపటికల్లా. ఇంకొకాయన పుట్టిన రోజుకు పాట కావాలె, సాయంత్రానికల్లా. రాసుకుందామని పెట్టుకున్న పాట, వలసపోయిన పాలమూరు తల్లి మీద, మూడు నెలల సంది పల్లవి కాడనే ఆగి ఉన్నది. ఆ నోటుబుక్కు మేము చూసినం. పల్లవి కింద కిరాణ సామాన్ల లెక్క ఉన్నది.

మంగళవారం సర్కారు పథకాల కళాజాత. భువనగిరి దిక్కు మూడు ఊర్లు. ఎండల మూడు ఆటలు. పాట దేని మీద అనుకుంటున్నరు? ఆరోగ్యం మీద. బీపీ చూపించుకోండ్రి, షుగర్ చూపించుకోండ్రి అని ఆయన ఎగిరి దుంకుకుంట పాడిండు. మూడో ఊర్లె ఆరోగ్య కార్యకర్తలు చెట్టు కింద పరీక్షలు చేస్తున్నరు. అన్నా, నువ్వు చూపించుకున్నవా అంటే నవ్విండు. ఊరి జనం బీపీ చూపించుకున్నరు. పాటగాడు బండెక్కి నాలుగో ఊరి తొవ్వ అడిగిండు. సాయంత్రం ఇంకొక సంఘం వాళ్ల మీటింగు ఉండె.

బుధవారం ఆదిలాబాద్. పోను మూడువందల కిలోమీటర్లు, రాను మూడువందలు. తుఫాన్ బండిల ఎనిమిది మంది, డప్పులు, గజ్జెల సంచులు, మేమిద్దరం. సభ సాయంత్రం ఆరింటికని చెప్పిండ్రు. నాయకులు వచ్చింది తొమ్మిదిన్నరకు. మూడున్నర గంటలు జనం లేచి పోకుండ పట్టుకున్నది ఎవరు? ఈ ఎనిమిది మందే. మన సభలల్ల పాటగాని అసలు పని ఇదే. నాయకుడు వచ్చేదాక జనాన్ని కూసోబెట్టాలె. నాయకుడు రాంగనే పాట చరణం మధ్యల ఆపేసి మైకు గుంజుకుంటరు. మేము కండ్లార చూసినం.

వేదిక పక్కకే పెద్ద పెద్ద సౌండు బాక్సులు. తన గొంతు తనకే వినబడది. వినబడకపోతే మనిషి ఏం చేస్తడు, ఇంకింత గట్టిగ అరుస్తడు. మామూలుగ మాట్లాడేటప్పుడే మగవాళ్ల స్వరతంత్రులు సెకనుకు నూరుకు పైన సార్లు, ఆడవాళ్లవి రెండు నూర్ల సార్లు ఒకదానికొకటి తాకుతయి. పాట పై స్థాయికి పోతే అది రెట్టింపు అయితది. అట్ల మూడున్నర గంటలు. మధ్యల గజ్జెల ఆట, ధూళి, జనరేటరు పొగ.

ఇక్కడ అక్కల సంగతి వేరేగ చెప్పాలె. ఆదిలాబాద్ పోంగ మేము ఇచ్చిన నీళ్ల సీసా వాళ్లు ముట్టలేదు. ఎందుకక్కా అంటే, అక్కడ పోతానికి జాగ ఉండదు తమ్మీ అన్నది ఒక అక్క. సభ కాడ ఆడవాళ్లకు మరుగుదొడ్డి ఉండదు. అందుకని పొద్దున సంది నీళ్లు తాగరు. ఎండిన గొంతుతోని పాడుతరు. గొంతుకు నీళ్లే మందు అని డాక్టర్లు చెప్తరు. కని మరుగుదొడ్డి లేని కాడ ఆ మందు తాగుడెట్ల? ఇన్నేండ్లు ఇన్ని సభల వార్తలు రాసినం, ఈ సంగతి మాకు తెల్వదు.

రాత్రి ఒంటిగంటకు చల్లారిన బిర్యాని పొట్లాలు వచ్చినయి. తిన్నరు, తినంగనే బండిల ఒరిగిండ్రు. అట్ల తిని అట్ల పండుకుంటే కడుపుల ఆమ్లం పైకి తన్ని గొంతును కాలుస్తది. పొద్దున లేస్తే బొంగురు గొంతు ఎందుకొచ్చిందో అర్థం కాక, కరక్కాయ ముక్క బుగ్గన పెట్టుకుంటరు.

పైసల లెక్క కూడ చెప్తం. ఒప్పందం 30,000. చేతిల పెట్టింది 20,000, మిగిలినయి తర్వాత అన్నరు. బండికి, డీజిల్‌కు 11,000 పోయినయి. మనిషికి 1,100 వచ్చినయి. మిగిలిన 200 చాయలకు అయినయి. రెండు పగళ్లు, ఒక రాత్రి, ఆరువందల కిలోమీటర్లకు ఇది కూలి.

గురువారం తెల్లారంగ కామారెడ్డి దాటుతున్నం. 2002లో ధూంధాం మొదలైన ఊరు అది. బండిల అందరు నిద్ర. ఆయన ఒక్కడు మెలకువతోని ఉన్నడు. మోకాలు మీద వేళ్లతోని దరువేసుకుంట సన్నగ కూనిరాగం తీస్తున్నడు. ఫోనుల రికార్డు చేసుకున్నడు. మూడు నెలల సంది ఆగిన పాలమూరు తల్లి పాటకు మొదటి చరణం అక్కడ కుదిరింది. మాకు సంబురమైంది. మళ్ల భయమైంది. పాట రాసుకుంటానికి మనిషికి నిద్ర పొద్దు తప్ప వేరే పొద్దు దొరకకపోతే, పాటకు ఒక రాత్రి పెట్టి కొంటున్నట్టే గదా.

శుక్రవారం జనగామ దిక్కు ఒక ఊర్లె తోటి కళాకారుని సంస్మరణ సభ. పైసలు అడిగేది లేదు, డీజిల్ కూడ సొంతం. అక్కడ రెండో పాటకే ఆయన గొంతు పలగలేదు. పై స్థాయి అందుకోబోతే గాలి వచ్చింది, స్వరం రాలేదు. పక్కనున్న అక్క అందుకొని పాట నిలబెట్టింది. జనం కండ్ల నీళ్లు పెట్టుకున్నరు, దుఃఖంతోని గొంతు పూడుకపోయిందనుకున్నరు. దుఃఖం ఉన్నది నిజమే. కని రెండు నెలల సంది గొంతు బొంగురుపోతున్నదని మాకు బండిల చెప్పిండు.

శనివారం బలవంతంగ గొంతు డాక్టరు కాడికి తీస్కపోయినం. సన్నని కెమెరా గొట్టం లోపలికి పంపి తెర మీద చూపించిండు. రెండు స్వరతంత్రుల మీద ఎదురెదురుగ చిన్న కాయలు. చేతికి పార పట్టినోనికి కాయలు కాసినట్టే, గొంతు మీద కాసినయి. భయపడేది కాదన్నడు. పాటకు విశ్రాంతి ఇచ్చి, గొంతు వాడుక సరిచేసే శిక్షణ తీసుకుంటే చానామందికి ఇవి తగ్గుతయి, కోత దాక పోవుడు తక్కువ అన్నడు. గుసగుసగ మాట్లాడితే మంచిదనుకుంటం, అది కూడ గొంతును గుంజుతదట. మాటిమాటికి సకిలించినా అంతే. గుట్క, సిగరెట్, మందు బంద్ అన్నడు. బొంగురు మూడు వారాలు దాటితే ఎవరైనా చూపించుకోవాల్సిందే అన్నడు. ఇది మీరందరు చెవిన పెట్టుకోండ్రి.

ఆయన అడిగింది ఒక్కటే మాట. రేపు సిద్దిపేట దిక్కు కార్యక్రమం ఉన్నది, అడ్వాన్సు తీసుకున్న, ఒక ఇంజక్షన్ ఇయ్యరాదు సారూ. డాక్టరు ఒప్పుకోలే. ఇంజక్షన్ వాపు దించుతది, గొంతు బాగైందని నువ్వు అరుస్తవు, అప్పుడు లోపల నెత్తురు చిమ్మితే ఎవరు జవాబుదారి అన్నడు.

ఆదివారం ఆయన పోయిండు. కని పాడలేదు. డప్పు పట్టి వెనక నిలబడ్డడు. ఇద్దరు అక్కలు, కోరస్ తమ్ముళ్లు మూడు గంటలు నడిపిండ్రు. జనం కదలలే. అయినా పెట్టినాయన సగం పైసలు కోసిండు. పాడనోనికి పైసలెట్ల అన్నడు. ముఖ్య గాయకుడు ఒక్కడే పాట అన్నట్టు, ఆ మూడు గంటలు పాడిన అక్కలు మనుషులు కానట్టు.

ఇది ఒక్క వారం. ఏడాదికి 52 వారాలు.

ఇప్పుడు మా తప్పు చెప్పుకుంటం. 2011ల సకల జనుల సమ్మె 42 రోజులు నడిచింది. మేము అప్పుడే డిగ్రీ పట్టాలు పట్టుకొని రోడ్ల మీద ఉన్నోళ్లం. వంటావార్పుల కాడ, రాత్రి శిబిరాల కాడ, పన్నెండు దాటినంక కూడ ఇంకొక్క పాట అన్నా అని ఈలలు వేసినోళ్లల్ల మేము ఉన్నం. పాడినోడు ఎక్కడ పండుకున్నడో చూడలే. తర్వాత విలేకరులం అయినం. ఉర్రూతలూగించిండ్రు అని రాసినం. ఎవరి గొంతు పోయిందో రాయలే. ఉద్యమంల ఎవరు కూలి అడగలే, అడిగే కాలం కాదది. కని ఆనాటి త్యాగాన్ని అలవాటు చేసుకొని, రాష్ట్రం వచ్చినంక కూడ పాటను ఉత్తగ అడుగుడు న్యాయం గాదు. 2014ల సాంస్కృతిక సారథి పెట్టి 550 మందికి కొలువులు ఇచ్చిండ్రు. మంచిదే. కొలువు దొరకనోళ్లు ఊరూర ఉన్నరు. ఆరోగ్యశ్రీ పరిమితిని 2023 డిసెంబరుల పది లక్షలకు పెంచిండ్రు. అది ఆపరేషన్ దాక పోయినోనికి అక్కరకొస్తది. గొంతుకు నెల రోజులు విశ్రాంతి ఇయ్యాల్సినోని ఇంట్ల పొయ్యి దానితోని వెలగదు.

అందుకని ఈ సమావేశం కొన్ని తీర్మానాలు చెయ్యాలని కోరుతున్నం. పెద్దవేం కావు. రాత్రి పది దాటితే పాట బంద్. 2000 నాటి శబ్ద కాలుష్య నిబంధనలు రాత్రి పది నుంచి పొద్దున ఆరు దాక మైకు వద్దంటున్నయి. ఏడాదికి కొన్ని రోజులు మాత్రమే, అది కూడ పన్నెండు దాక, సడలింపు ఉన్నది. ఆ చట్టం నిద్రపోయే ఊరికే కాదు, మీకు కూడ అక్కరకొస్తది, వాడుకోండ్రి. గంట పాడితే పావుగంట ఆగాలె. నాయకుడు రాకపోతే ఆ ఖాళీ నింపే పూచీ మీది కాదు. పాడెటోళ్లకు తమ గొంతు వినబడేటట్టు చిన్న బాక్సు ముందర పెట్టాలె. ఆడవాళ్లకు మరుగుదొడ్డి లేకపోతే బండి దిగొద్దు. ఒప్పందం కాయితం మీద ఉండాలె, సగం పైసలు ముందుగాల పడాలె, రోగమొస్తే బదులు గొంతుకు అదే కూలి. రాసినోనికి రాసిన కూలి వేరే. 2012ల కాపీరైట్ చట్టం సవరణతోని పాట రాసినోనికి రాయల్టీల వాటా హక్కు వచ్చింది. యూట్యూబుల మీ పాట ఊరూర మోగుతున్నది. ఒక్కసారి చేతిల పెట్టిన పైసలకు సంతకం పెట్టేముందు ఆ కాయితం చదివించుకోండ్రి.

మీ దిక్కు నుంచి కూడ ఒకటి. వారానికి ఒక రోజు ఫోను బంద్ పెట్టి రాసుకోండ్రి. ఏడాదికి ఒకసారి బీపీ, షుగర్, గుండె, గొంతు చూపించుకోండ్రి. మీరు ఊర్లకు పాడి చెప్పిన మాటే ఇది, మేము కొత్తగ చెప్పేదేం లేదు.

మా దిక్కు నుంచి ఒక మాట ఇస్తున్నం. ఇకమీదట సభ వార్త రాస్తే, పాటగాళ్లు ఎన్ని గంటలు పాడిండ్రు, ఎన్నింటికి తిన్నరు, పైసలు ముట్టినయా లేదా అన్నది కూడ రాస్తం. కోపం చేసెటోళ్లు చెయ్యనీ.

ఆ అన్న ఇప్పుడు గొంతు శిక్షణ తీసుకుంటున్నడు. పాలమూరు తల్లి పాటకు రెండు చరణాలు అయినయట, మూడోది కావాలె. ఈ నెల ఆయనను ఎవరు కార్యక్రమానికి పిలవద్దని, పిలవకున్నా ఆ ఇంటికి కూలి పోవాలని ఇక్కడ కూసున్న సంఘాల పెద్దలను అడుగుతున్నం. కాడ కాడ జమచేస్తే అయితది. ఈ సభ అయినంక తువ్వాల పరుస్తం, మొదటి పైసలు మావి.

శనార్తి.