విత్తనం ధర ఎవరు కట్టిండ్రు?

(దళితవాడలో రైతులు, కూలీల ముందు చేసిన ప్రసంగ పాఠం)



మా నాయనల కాలంలో విత్తనానికి బిల్లు లేదు. జొన్నలు, కందులు, ఆముదాలు బూడిద కలిపి కుండల్లో దాచుకునేటోళ్లు. వాన పడ్డనాడు తీసి చెల్కల వేసేటోళ్లు. ఇయ్యాల నల్లగొండ, మహబూబ్‌నగర్‌లలో ఎన్నో ఆముదం చెల్కలు పత్తి చేన్లయినయి. హైబ్రిడ్ పత్తి గింజ దాచి వేస్తే మొదటి పంట లెక్క రాదు. అందుకే ఏటా దుకాణం ముందు నిలబడుతున్నం. ప్యాకెట్ మీద రేటు అచ్చేసి ఉంటది. అది దేవుడు రాసిన రాత కాదు. మనుషులు రాసిందే, మనుషులు మార్చిందే.

2005లో 450 గ్రాముల బీటీ పత్తి ప్యాకెట్ 1,600 రూపాయలకు పైనే అమ్మిండ్రు. అందులో 1,250 రూపాయలు గింజ ఖరీదు కాదు. కాయ తొలిచే పురుగును చంపే జన్యువు మాదని మహికో-మాన్‌శాంటో కంపెనీ గుంజిన రాయల్టీ. 2006లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఢిల్లీలోని గుత్తవ్యాపార నియంత్రణ కమిషన్‌లో కేసు వేసింది. మే నెలలో కమిషన్ ఆ రాయల్టీ తగ్గించమన్నది. ప్యాకెట్ 750 రూపాయలు దాటొద్దని ప్రభుత్వం ఉత్తర్వు ఇచ్చింది. కంపెనీ సుప్రీంకోర్టుకు ఉరికింది. కోర్టు స్టే ఇవ్వలేదు. అదే గింజ, అదే ప్యాకెట్, ఒక్క ఏడాదిలో సగం ధరకు దిగింది.

2007లో రాష్ట్రం పత్తి విత్తనాల ధరల చట్టం చేసింది. 2015లో కేంద్రం ధరల నియంత్రణ ఉత్తర్వు తెచ్చింది. దాని కింద రాయల్టీ 2016లో 49 రూపాయలు, 2018లో 39, 2019లో 20, 2020లో సున్నా. అటు పేటెంట్ మీద మాన్‌శాంటోకు, మన నూజివీడు సీడ్స్‌కు కొట్లాట నడిచింది. పేటెంట్ చెల్లదని 2018లో ఢిల్లీ హైకోర్టు అన్నది. ఆ తీర్పు పక్కన పెట్టి మళ్లీ విచారించమని 2019లో సుప్రీంకోర్టు అన్నది. ఆఖరి మాట రాకముందే 2021లో కంపెనీలు రాజీ పడ్డయి. ఆ రాజీల రైతుకు పీట వేయలేదు.

సరే, ధర దిగింది. గింజ ఫెయిలైతే ఎవరిని అడగాలె? దానికీ తీర్పు ఉన్నది. మహబూబ్‌నగర్, కర్నూలు, గుంటూరు వినియోగదారుల ఫోరాల్లో గెలిచిన రైతుల మీద జాతీయ విత్తన సంస్థ సుప్రీంకోర్టు దాకా పోయింది. 2012లో కోర్టు రైతు దిక్కే నిలబడ్డది. విత్తనం కొన్న రైతు వినియోగదారుడే అన్నది. కొన్న గింజలన్నీ చేన్ల వేసే రైతును పరీక్షకు గింజలు ఏవని అడుగుడు న్యాయం కాదన్నది.

మరి మనకెందుకు అందలేదు? మనది కౌలు. పట్టా ఇంకొకరిది. ఉద్దెర తెస్తం, సేటు చిట్టీ ఇయ్యడు. మా వాడలో ఒకాయన కౌలు చేనుకు విత్తనం తెస్తే బిల్లు పట్టాదారు పేర రాసిండ్రు. పత్తికి పూత నిలవలే. నా పంట కాదు, నాకేం నష్టమని పట్టాదారు ఊకున్నడు. బిల్లు నీ పేర లేదు గద, ఇంకేం చేస్తవని మేమే ఆయనను ఇంటికి పంపినం. కొన్నవారి సమ్మతితో సరుకు వాడేవారు కూడా వినియోగదారులే అని చట్టంలోనే ఉన్నది. డిగ్రీ చదివి, బడిలో పాఠాలు చెప్పే మాకు ఆ ముక్క తెల్వలేదు. ఆ తప్పు మాది.

అందుకని చెప్తున్నం. ఉద్దెర అయినా సరే, మీ పేర బిల్లు అడగండి. లాట్ నంబరు ఉన్న ఖాళీ ప్యాకెట్ పారేయకండి. మొలకలు రాకున్నా, పూత నిలవకున్నా వెంటనే వ్యవసాయ అధికారికి రాతపూర్వకంగా ఇచ్చి రసీదు తీసుకోండి. రెండేళ్ల లోపల జిల్లా వినియోగదారుల కమిషన్‌లో కేసు వేయొచ్చు. చెల్లించిన సొమ్ము ఐదు లక్షల లోపలైతే ఫీజు లేదు. వకీలు లేకున్నా నడుస్తది.

ఈ వానాకాలం వాడకో రిజిస్టరు పెడదం. ఎవరు, ఏ దుకాణంలో, ఏ లాట్ కొన్నరో అందులో ఎక్కిద్దం. బడి విడిచినంక మేం కూర్చొని రాస్తం. మీరు ప్యాకెట్లు, బిల్లులు పట్టుకొని రండి.

జై భీమ్!