వాగు దంచే మట్టి

జపాన్‌లోని క్యూషూ దీవిలో, హితా పట్టణం దగ్గరి కొండల్లో ఒంతా అనే చిన్న పల్లె ఉంది. 1705 నుంచి అక్కడ కుండలు చేస్తున్నారు. ఊళ్లోకి అడుగుపెట్టగానే దబ్బు, దబ్బుమని చప్పుడు. వాగు పక్కన పెద్ద పెద్ద దుంగలు మన ఏతాంలా ఊగుతుంటాయి. ఒక కొసన తొలిచిన దొప్పలో నీళ్లు నిండితే దుంగ అటు వంగుతుంది. నీళ్లు ఒలికిపోగానే రెండో కొస దభీమని మట్టిగడ్డల మీద పడుతుంది. రాత్రీ పగలూ, వారాల తరబడి ఇదే పని.

కరెంటు మర పెడితే త్వరగా అయిపోదా? అయిపోతుంది. కానీ వాగు దంచినంతే మట్టి గనక ఏ ఇంటివాళ్లూ మితిమీరి చేయలేరు. నాకు బాగా నచ్చిన లెక్క ఇది.

జానపద కళల ఉద్యమాన్ని నడిపిన యనాగి సోయెత్సు 1931లో ఇక్కడికి వచ్చి మెచ్చుకున్నాక ఊరి పేరు బయటికి పాకింది. 1954లో ఇంగ్లండు కుమ్మరి బెర్నార్డ్ లీచ్ కొన్నాళ్లుండి, జగ్గుకు పిడి సాగదీసి అతికించే పద్ధతి నేర్పాడు. పరాయి విద్యే అయినా ఊరు దాన్ని కలిపేసుకుంది. పాత్ర మీద మాత్రం చేసినవాడి పేరు వేయరు. ఒకప్పుడు ఊరగాయ జాడీలు, నీళ్ల తొట్లు చేసిన చేతులే ఇప్పుడు కాఫీ కప్పులూ చేస్తున్నాయి.